వస్వసా వ్యాధి: షరీఅత్ ఇచ్చిన ఊరట, వైద్యం చూపే దారి

అరబీ నుంచి తెలుగులోకి అనువదించే వారిని చిక్కున పడవేసే మాటల్లో "వస్వసా" ఒకటి. దివ్యఖుర్ఆన్‌లోని చివరి సూరా దీని కీడు నుంచే శరణు కోరడం నేర్పుతున్నది. "దుష్ప్రేరణ" అని వ్రాస్తే షైతాను పని ఒక్కటే కనిపిస్తుంది. "సందేహం" అని వ్రాస్తే బలం చాలదు. "చాదస్తం" అంటే ఎగతాళిగా ఉంటుంది. మన ఇళ్లలో ఉర్దూలో "వహమ్" అంటారు, ఆ బాధ పడేవాణ్ణి "వహమీ" అని నవ్వుతారు. అసలు అరబీలో ఆ పదానికి గుసగుస, మెల్లని చప్పుడు అని అర్థం. నగల గలగలను కూడా అరబ్బులు ఈ మాటతోనే చెప్పుకునేవారు.

చిక్కు మాటతోనే తీరదు. ఈ ఒక్క పేరు క్రింద రెండు వేర్వేరు సంగతులున్నాయి. మొదటిది, మనిషి మనసు మొగ్గే చెడును అందంగా చూపించి అటు లాగే ప్రేరణ. అది మనకందరికీ తెలిసినదే. రెండవది దీనికి పూర్తిగా భిన్నమైనది. మనిషి దేనిని అందరికంటె ఎక్కువగా అసహ్యించుకుంటాడో, దేనికి భయపడతాడో, సరిగ్గా అదే ఆలోచన పిలవకుండా వచ్చి మనసులో తిష్ఠ వేస్తుంది. నమాజులో నిలుచున్న వానికి అల్లాహ్‌ను గురించి నోట పలకరాని మాట మెదులుతుంది. పసిబిడ్డను ఎత్తుకున్న తల్లికి, బిడ్డను నేనే క్రింద పడవేస్తానేమో అనిపిస్తుంది. భార్యతో మామూలుగా మాట్లాడిన భర్తకు, తెలియకుండా తలాఖ్ మాట పలికానేమోనని గుండె దడ పుడుతుంది. వుజూ చేసిన చేయి తడి ఆరకముందే అది తడిసిందా లేదా అన్న అనుమానం వస్తుంది. ఆ భయాన్ని పోగొట్టుకోవడానికి కడిగిందే కడగడం, చదివిందే చదవడం, అడిగిందే అడగడం మొదలవుతుంది. వైద్యులు దీనిని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అంటారు, క్లుప్తంగా ఓసీడీ.

నేను మదర్సాలో చదువుకున్న రోజుల్లో నా ప్రక్క పరుపు మీద పడుకునే సహవిద్యార్థి ఒకడు ఉండేవాడు. హిఫ్జ్‌లో అందరికంటె ముందుండేవాడు. ఫజ్ర్ అజాన్‌కు ముందే లేచి హౌజు దగ్గర కూర్చునేవాడు. మేము వచ్చి వుజూ చేసుకొని, జమాఅత్ ముగించుకొని తిరిగి వచ్చేసరికి అతడు ఇంకా మోచేతులు కడుగుతూనే ఉండేవాడు. చలికాలంలో చర్మం పగిలి నెత్తురు వచ్చేది. తక్బీర్ చెప్పడానికి చేతులెత్తి, నియ్యత్ కుదరలేదని దించి, మళ్లీ ఎత్తేవాడు. చిన్నవాళ్లం నవ్వేవాళ్లం. పెద్దలు కొందరు అతని భక్తిని మెచ్చుకున్నారు. మరికొందరు జిన్ను పట్టిందన్నారు, తావీజు కట్టించారు. రెండేళ్లకు అతడు చదువు మాని ఇంటికి వెళ్లిపోయాడు. నమాజు కూడా మానేశాడని తర్వాత తెలిసింది. నమాజు మీద ప్రేమ లేక కాదు, అది తనవల్ల సరిగా కాదన్న నిరాశతో. మేము నవ్విన నవ్వు నాకిప్పటికీ గుర్తున్నది.

ఆ రోజు అతనికి ఒక హదీసును ఎవరైనా సరిగా వివరించి ఉండవలసింది. సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించినది. కొందరు సహాబాలు మహాప్రవక్త (స) వద్దకు వచ్చి, నోటితో చెప్పడానికి సాహసించలేని భావాలు తమ మనసుల్లో కలుగుతున్నాయని మొర పెట్టుకున్నారు. నిజంగా మీకు అలా ఉన్నదా అని ప్రవక్త (స) అడిగారు. అవునన్నారు. అదే స్పష్టమైన ఈమాన్ అని ఆయన సెలవిచ్చారు. ఆ ఆలోచన ఈమాన్ అని దీని భావం కాదు. దానిని పలకడానికి కూడా వణికిపోయే ఆ భయమే ఈమాన్‌కు గుర్తు అని ఇమాం నవవీ (రహ్మ) వంటి వ్యాఖ్యాతలు విప్పి చెప్పారు. మనసులో మెదిలిన దానిని మాటగా పలకనంత వరకు, పనిగా చేయనంత వరకు అల్లాహ్ ఈ ఉమ్మత్‌కు మన్నించాడన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది. అంటే సహాబాలంతటి వారికి వచ్చినదే ఇతనికీ వచ్చింది.

ఈ వ్యాధికి మన ఫుఖహాలు ఎంత శ్రద్ధ చూపారో చాలామందికి తెలియదు. నిశ్చయం సందేహంతో తొలగిపోదన్నది ఫిఖహ్ మూలసూత్రాల్లో ఒకటి. వుజూ చేశానన్న నిశ్చయం ఉన్నవాడు, పోయిందేమోనన్న అనుమానంతో మళ్లీ చేయనక్కరలేదు. హనఫీలు ఇంకొక మెట్టు ముందుకు వెళ్లారు. హస్కఫీ (రహ్మ) వ్రాసిన దుర్రె ముఖ్తార్‌లో ఈ మస్అలా కలదు: వుజూ మధ్యలో ఏదో అవయవం కడగలేదన్న అనుమానం ఎప్పుడో ఒకసారి వస్తే దానిని కడగాలి. అటువంటి అనుమానం అలవాటుగా మారినవాడు మాత్రం దానిని పట్టించుకోకూడదు. ఒకే ప్రశ్నకు ఇద్దరికి రెండు జవాబులు! ఆరోగ్యవంతునికి ఒక ఆదేశం, రోగికి మరొక ఆదేశం. వస్వసా ఉన్నవాని తలాఖ్ చెల్లదన్న హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) మాటను ఇమాం బుఖారీ (రహ్మ) తలాఖ్ ప్రకరణంలో నమోదు చేశారు. మహాప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉన్నది. మద్‌హబ్‌ల లెక్కల తేడాను బట్టి అది ముప్పావు లీటరు నుంచి ఒక లీటరు వరకు అవుతుంది. కొళాయి విప్పి అరగంట కూర్చోవడం ఆ సున్నత్ కాదు.

హిజ్రీ పదవ శతాబ్దికి చెందిన షాఫయీ విద్వాంసులు ఇబ్నె హజర్ హైతమీ (రహ్మ)ను ఎవరో వస్వసాకు మందేమిటని అడిగారు. దానిని పూర్తిగా పట్టించుకోకపోవడమే మందు అని ఆయన ఫత్వా. లోపల ఎంత సంశయం ఉన్నాసరే, దాని మాట వినకుండా ఉంటే అది కొంతకాలానికి పోతుందట. వింటే మాత్రం పెరిగి పెరిగి మనిషిని పిచ్చివాని స్థితికి తెస్తుందట. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త, ఇటువంటి రోగులను వారు భయపడే పరిస్థితిలో ఉంచి, కడగడం వంటి క్రియలను ఆపించి, ఇద్దరిలో కుదురు తెచ్చినట్లు ప్రకటించారు. నేడు ఈ వ్యాధికి ముఖ్యమైన మానసిక చికిత్స ఆ దారిలో పెరిగినదే.

అంతకు చాలా ముందే, క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ బల్ఖీ తన "మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్" గ్రంథంలో వస్వసాకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించి, దానిని దుఃఖం, భయం, కోపం నుంచి వేరు చేసి చూపారు. ఈనాటి వైద్యమంతా అందులోనే ఉన్నదని కొందరు ఉత్సాహంగా వ్రాస్తున్నారు. అది అతి అని నా అభిప్రాయం. ఆలోచనకు ఎదురు ఆలోచనతో జవాబు చెప్పమనే ఆయన సలహా ఈ వ్యాధిలో ఒక్కొక్కసారి ఎదురు తిరుగుతుంది కూడా.

ఎందుకంటే ఈ వ్యాధి పనిచేసే తీరు అటువంటిది. అవాంఛిత ఆలోచనలు రావడం రోగం కాదు. 1978లో రాక్‌మన్, డిసిల్వా అనే పరిశోధకులు విచారించగా, ఏ రోగమూ లేని వారిలో కూడా అత్యధికులు తమకు అటువంటివి వస్తాయన్నారు. వారు వాటిని విదిలించుకొని పోతారు. రోగి మాత్రం, ఇది నాకెందుకు వచ్చింది, నేను కాఫిర్‌నయ్యానా అని పట్టుకొని కూర్చుంటాడు. భయం పుడుతుంది. భయం పోవడానికి ఏదో ఒకటి చేస్తాడు. కొంచెం నిమ్మళిస్తుంది. ఆ నిమ్మళమే అసలు చిక్కు. చేసిన పని వల్లనే గండం గడిచిందని మనసు నేర్చుకుంటుంది, మరునాడు రెండింతలు అడుగుతుంది.

ఆ చేసే పని నీళ్లతో కడగడమే కానక్కరలేదు. ఇక్కడ ఉలమాలు, ఇమాములు జాగ్రత్తగా గమనించవలసిన సంగతి ఉన్నది. కలిమా మళ్లీ మళ్లీ చదివి ఈమాన్‌ను "కొత్త" చేసుకోవడం, ఆలోచన వచ్చిన ప్రతిసారీ లెక్క పెట్టి ఇస్తిగ్‌ఫార్ చేయడం, ఒకే మస్అలాను నలుగురు ముఫ్తీలను అడగడం కూడా కొళాయి దగ్గర కూర్చోవడం వంటివే కాగలవు. షైతాను నుంచి శరణు కోరడం హదీసుల్లో ఉన్నదే. ఒకసారి కోరి పనిలో పడవలసినది. దానిని నూటొక్కసారి చదివి, సరిగా పలికానా అని మళ్లీ మొదలుపెట్టేవానికి ఇంకా ఎక్కువ చదవమని చెప్పడం నిప్పుకు నూనె పోయడమే. తలాఖ్ పడిందా అని వారంలో మూడోసారి వచ్చినవానికి మూడోసారి వివరంగా జవాబు చెప్పే ముఫ్తీ సాహెబ్ దయతోనే చెబుతారు. కాని అతనికి మేలు చేసేది, మొదటిసారి చెప్పిన జవాబే చాలునని మృదువుగా గుర్తుచేసి, వైద్యుని వద్దకు పంపడం. ఇంట్లోని వారు కూడా "ఏమీ కాలేదులే" అని రోజుకు ఇరవైసార్లు చెప్పనక్కరలేదు. కసరనూ వద్దు.

వైద్యంలో రెండు భాగాలున్నాయి. ఫ్లూఓక్సెటిన్, సెర్ట్రలిన్ వంటి మాత్రలు పనిచేయడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. పదిరోజుల్లో గుణం కనబడలేదని మానకూడదు, బాగున్నదని స్వయంగా ఆపనూ కూడదు. రంజాన్‌లో వేళలను ఇఫ్తార్‌కో సహరీకో మార్చడం గురించి వైద్యుణ్ణి ముందుగా అడగాలి. రెండవది, పైన చెప్పిన అభ్యాసం. వైద్యుడు హరాం పని చేయమంటాడేమోనని మనవారిలో కొందరు భయపడతారు. అటువంటి అవసరం లేదు. ఒక్కసారి వుజూ చేసి, అనుమానం ఉండగానే నమాజుకు నిలవడమే ఇక్కడ అభ్యాసం. ఆ అనుమానాన్ని పట్టించుకోవద్దన్నది ఫిఖహ్ మాటే గనుక ఇందులో పాపం లేదు. హైదరాబాదులోని ఎర్రగడ్డ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలు మనకు దగ్గరివి. 2022లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416కు ఫోను చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు.

నా మదర్సా సహవిద్యార్థి ఇప్పుడు చిన్న దుకాణం నడుపుకుంటున్నాడు. ఆరేడేళ్లుగా వైద్యంలో ఉన్నాడు. నిరుడు మా ఇంటికి వచ్చినప్పుడు అసర్ వేళయింది. ఒక చెంబు నీళ్లు అడిగి తీసుకొని వుజూ ముగించాడు. చెంబు క్రింద పెట్టి ఒక క్షణం దానివంకే చూశాడు, తర్వాత లేచి వచ్చి నా ప్రక్కన నిలుచున్నాడు. సలాం చెప్పిన తర్వాత, నమాజు తిరిగి చదవాలనిపించిందా అని అడిగాను. అనిపించిందన్నాడు, చదవనని కూడా అన్నాడు. దుకాణం మూసి వచ్చానని, బస్సు వేళయిందని లేచాడు.