ఇంటి థర్మోస్టాటూ, జ్వరం థర్మామీటరూ

పెళ్ళి పంక్తిలో డాక్టరు పక్కన కూర్చున్నవాడు తన కడుపునొప్పి సంగతి చెప్పకుండా లేవడు. భౌతికశాస్త్రం చెప్పే మాబోటివాళ్ళ గతీ ఇంచుమించు అంతే. "మాస్టారూ, మా ఫ్రిజ్‌లో కూరగాయలు గడ్డకట్టి పోతున్నాయండీ" అని ఒకరు, "సార్, థర్మామీటరు నంబరు చూపించకుండా 'లో' అంటోంది" అని హాస్టలు నుంచి ఇంకొకరు. అడిగిన ప్రతివారికీ విడివిడిగా చెప్పే బదులు, సంచిక సంపాదకులు ఎలాగూ పేజీలిచ్చారు గనుక, ఇక్కడే రాసేస్తున్నాను.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోవాలి. థర్మామీటరు నేరుగా కొలిచేది రోగి ఉష్ణోగ్రతని కాదు, తన కొన ఉష్ణోగ్రతని. థర్మోస్టాటూ అంతే. గది మొత్తం సంగతి దానికి తెలియదు. తనకి తగిలిన వేడే తెలుసు. కనుక "పాడైంది" అనుకునే ముందు దాని కొన ఎక్కడుందో, దేనికి ఆనుకుని ఉందో చూడండి. నా దగ్గరికొచ్చిన ఫిర్యాదుల్లో సగం అక్కడే తేలిపోయాయి.

జ్వరం థర్మామీటరుతో మొదలుపెడదాం. కిందటి వానాకాలంలో మా హాస్టలు కుర్రాడొకడు రెండు రోజులు మంచం దిగలేదు. స్నేహితుడు శ్రద్ధగానే చూస్తున్నాడు. పూటపూటకీ థర్మామీటరు పెట్టి, 39.2 వస్తే, "వందైనా దాటలేదు, జ్వరమేమిటి?" అని ధైర్యం చెప్పాడు. ఆ పరికరం సెల్సియస్‌లోకి మారిపోయి ఉంది. 39.2 అంటే మన ఇళ్ళల్లో చెప్పుకునే లెక్కలో 102.6. ఆసుపత్రికి తీసుకెళితే డెంగీ అని తేలింది. అదృష్టవశాత్తూ కోలుకున్నాడు గానీ, ఆ రెండు రోజులూ ఊరికే పోయాయి.

ఇలా మారడానికి కారణం చాలా చిన్నది. అనేక రకాల్లో ఉన్నది ఒకటే మీట. ఆన్ చేసిన వెంటనే దాన్ని కొన్ని క్షణాలు అదిమి పట్టుకుంటే సెల్సియస్, ఫారెన్‌హీటుల మధ్య మారిపోతుంది. తిరిగి మార్చే పద్ధతీ అదే. అంకె పక్కన 'సి' ఉందో 'ఎఫ్' ఉందో చూశాకే అంకె చదవండి. 37 అన్నా 98.6 అన్నా ఒకటే. 38 అంటే 100.4.

ఇక 'లో' అంటే యంత్రం చెడిపోయిందని కాదు. కొన సుమారు 32 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉందని అర్థం. శరీరానికి సరిగా తగలలేదన్నమాట. నాలుక కింద వెనక్కి పెట్టి నోరు మూసుకోవాలి. కాఫీ తాగినవాడైతే అరగంట ఆగాలి. చంకలో పెడితే అంకె కాస్త తక్కువే వస్తుంది, సమయమూ ఎక్కువ పడుతుంది. అంకె పెరగడం దాదాపు ఆగిపోయిందని 'బీప్' చెబుతుందంతే. చంకలో చెయ్యి వదులుగా ఉంటే తొందరపడి ముందే కూస్తుంది. అంకెలు వెలిసినట్టు కనబడుతున్నా, బ్యాటరీ గుర్తు మెరుస్తున్నా గుండీ బ్యాటరీ మార్చాలి. బ్యాటరీ తీసి ఒక నిమిషం ఆగి మళ్ళీ పెట్టడమే చాలావాటికి 'రీసెట్'. పిల్లలున్న ఇంట్లో ఆ పాత బ్యాటరీ నేలమీద వదలకండి, మింగితే ప్రమాదం.

ఇది నిజం చెబుతోందా అన్న అనుమానం వస్తే మంచు పరీక్ష పనికిరాదు, సున్నా డిగ్రీల దగ్గర అదెలాగూ 'లో' అనే అంటుంది. గోరువెచ్చని నీళ్ళల్లో నమ్మకమైన మరో థర్మామీటరుతో కలిపి, తడిస్తే పాడవని కొనలు మాత్రమే ముంచి పోల్చి చూడాలి. తీగ చివర మొన ఉండే వంటింటి డిజిటల్ థర్మామీటరుకైతే మంచు పరీక్షే మేలు. గ్లాసు నిండా నలిపిన మంచు, సందులు నిండేటన్ని నీళ్ళు. మొన గ్లాసుకి తగలకుండా మధ్యలో ఉంచి కలుపుతుంటే రెండు మూడు నిమిషాల్లో సున్నా దగ్గరికి రావాలి.

ఆ థర్మామీటరుతోనే ఫ్రిజ్ సంగతి తేల్చుకోవచ్చు. లోపలి చక్రం మీద 1 నుంచి 7 వరకు ఉన్నవి డిగ్రీలు కావు. సాధారణంగా అంకె పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది, ఇది తిరగేసి అనుకునేవారే ఎక్కువ. మధ్య అరలో గ్లాసుడు నీళ్ళు పెట్టి, మర్నాడు పొద్దున్నే అందులో మొన ముంచి చూడండి. 4 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే క్షేమం. ఇన్సులిన్ వాడేవారి ఇంట్లో ఇది మరీ ముఖ్యం. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. "చల్లగా ఉంటే మంచిది గదా" అని ఫ్రీజరు కింది ట్రేలో పెడితే గడ్డకట్టవచ్చు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి బాగానే ఉన్నా, వాడకూడదు.

పాతరకం ఫ్రిజ్ థర్మోస్టాటులో సన్నని గొట్టం ఉంటుంది. లోపలి వాయువు వేడికి వ్యాకోచించి, చిన్న తిత్తిని ఉబ్బించి స్విచ్చి కలుపుతుంది. గొట్టం కొన బిగింపులోంచి జారితే దానికి చలి అందదు, యంత్రం ఆగకుండా నడుస్తుంది. కూరగాయలు గడ్డకట్టడానికి ఇదొక కారణం. చక్రాన్ని సున్నా నుంచి చివరి దాకా తిప్పితే ఎక్కడో 'టిక్' మనాలి. అసలు అనకపోతే థర్మోస్టాటునే అనుమానించాలి.

థర్మోస్టాటు చరిత్రలో మా ఉపాధ్యాయ వర్గానికీ వాటా ఉందండోయ్! అమెరికాలోని విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు, నౌకర్లు చలి చూడటానికి మాటిమాటికీ తరగతిలోకి రావడం భరించలేక, గది వేడిని గంటతో తెలియజేసే విద్యుత్ పరికరం చేసి 1883లో పేటెంటు పొందాడు. అక్కడున్న మన పూర్వవిద్యార్థుల ఇళ్ళల్లో గోడమీద ఉండేది దాని వారసురాలే. దాని తెర ఖాళీగా ఉంటే ముందు బ్యాటరీలు చూడాలి, తరవాత కొలిమి స్విచ్చి. చలిదేశం వెళ్ళిన తల్లిదండ్రులు త్వరగా వేడెక్కుతుందని 85 పెడుతుంటారు. ఇక్కడ పిల్లలు ఏసీ 16లో పెట్టినట్టే. మామూలు రకాల్లో అది ఎక్కడ ఆగాలో చెబుతుందే తప్ప వేగం పెంచదు. ఏసీ బిగుసుకుపోతే మెయిన్ తీసి అయిదు నిమిషాలాగి వెయ్యండి. ఆ తరవాత కూడా కంప్రెసరు మూడు నిమిషాల దాకా మొదలవకపోవచ్చు, కంగారుపడి మళ్ళీ మళ్ళీ నొక్కవద్దు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది గీజరుతో. చాలా గీజర్లలో ఇత్తడి గొట్టంలో ఇన్వార్ కడ్డీ ఉంటుంది. ఇత్తడి సాగుతుంది, ఇన్వార్ దాదాపు సాగదు. ఆ తేడాతో స్విచ్చి తెరుచుకుంటుంది. అది పనిచెయ్యకపోతే కాపాడటానికి వేరే కటౌటు ఉంటుంది. కొన్నిటిలో మూత కింద చిన్న ఎర్రమీటగా కనిపిస్తుంది. మెయిన్ ఆపి, నీళ్ళు చల్లారాక, ఎలక్ట్రీషియన్ దాన్ని నొక్కితే 'టక్' మని సరవుతుంది. ఒకసారి నొక్కడం సరే. వారంలో మళ్ళీ పడిపోయిందంటే థర్మోస్టాటు కొసలు అతుక్కున్నాయో, హీటరుకి సున్నం పట్టిందో చూడాలి.

ఇక్కడే "డైరెక్టు చేసేశాను సార్, ఇక గొడవ లేదు" అనే మాట వినబడుతుంది. కటౌటుని తప్పించి తీగలు కలిపేశాడని అర్థం. ఆ తరవాత సేఫ్టీ వాల్వు కూడా సున్నంతో మూసుకుపోతే, ఆవిరికి దారుండదు. స్నానాలగదిలో తలమీద వేలాడేది బాంబే. ఆ మాట వినబడిన రోజునే ప్లగ్గు తీసేసి, అదే రకం థర్మోస్టాటూ కటౌటూ కొత్తవి తెప్పించి, మీ ఎదురుగానే బిగించమనండి. అప్పటిదాకా నీళ్ళు పొయ్యి మీద కాచుకోవచ్చు.