తప్పు ఆప్షన్ ఊరికే అక్కడ ఉండదు

ఎంసెట్ కాస్తా ఈఏపీసెట్ అయింది కానీ పేపర్ తీరు అదే. ఇంజినీరింగ్‌కి 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. సగం మ్యాథ్స్, మిగతా 80లో ఫిజిక్స్‌కి 40, కెమిస్ట్రీకి 40. ఈ 80 బిట్ల కోసం చాలామంది ఏం చేస్తారో మీకు తెలుసు. రోజుకి వంద బిట్లు టార్గెట్ పెట్టుకుంటారు. చేసేసి కీ చూసి టిక్కులు పెడతారు. తప్పయిన వాటికి సొల్యూషన్ చదివి ‘ఓహ్, ఇంతేనా’ అనుకుని ముందుకెళ్తారు. చిక్కంతా ఆ ‘ఇంతేనా’ దగ్గరే ఉంది. ఎవరో చేసిన లెక్క చదువుతుంటే మనకూ వచ్చినట్టే ఉంటుంది. వారం తర్వాత అంకెలు మార్చి ఇస్తే చేయి మళ్లీ పాత తప్పు మీదికే పోతుంది.

మంచి పేపర్లో తప్పు ఆప్షన్లు గాల్లోంచి రావు. విద్యార్థి ఎక్కడ జారతాడో ఊహించి పెడతారు. అంటే చాలాసార్లు తప్పు ఆప్షన్ ఇంకేదో ప్రశ్నకు సరైన జవాబే. ఆ ఇంకో ప్రశ్న ఏంటో పట్టుకోవడమే అసలు ప్రాక్టీస్.

ఒక లెక్క చూద్దాం. 25 మీటర్ల టవర్ మీద నుంచి రాయిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. జి విలువ 10 అనుకుంటే నేలను తాకడానికి ఎంతసేపు పడుతుంది? ఆప్షన్లు 1, 2, 4, 5 సెకన్లు.

పైదిశ ప్లస్ అనుకుంటే నేల మైనస్ 25 దగ్గర ఉంది. కాలాన్ని ‘టి’ అంటే టి² – 4టి – 5 = 0 వస్తుంది. జవాబు 5. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మీరు ఆపకండి, మిగతా మూడూ చూడండి. 2 అంటే రాయి పైకొసకు చేరే సమయం. 4 అంటే తిరిగి టవర్ అంచు దగ్గరికి వచ్చే సమయం. మరి 1? అదే వేగంతో రాయిని కిందికి విసిరితే పట్టే సమయం. వేగం గుర్తు తారుమారైతే వచ్చేది అదే. 5కీ 1కీ తేడా సరిగ్గా 4 ఎందుకొచ్చిందో ఒక్క నిమిషం ఆలోచించండి. పైకెళ్లిన రాయి 4 సెకన్లకు అంచు దగ్గరికి అదే 20 వేగంతో తిరిగొస్తుంది, అక్కడి నుంచి కథ ఒకటే.

మైనస్ 25 బదులు ప్లస్ 25 రాశారనుకోండి. టి² – 4టి + 5 = 0 అవుతుంది, విచక్షణి మైనస్ 4, జవాబే రాదు. కొట్టేయకండి. ఆ సమీకరణం అడుగుతున్నది ‘టవర్‌కి ఇంకో 25 మీటర్ల పైకి రాయి ఎప్పుడు చేరుతుంది’ అని. అది పైకెళ్లేదే 20 మీటర్లు. ఎప్పటికీ చేరదు. లెక్క నిజమే చెప్పింది, అడిగిందే తప్పు!

కెమిస్ట్రీలోనూ ఇంతే. 28 గ్రాముల నైట్రోజన్, 3 గ్రాముల హైడ్రోజన్ పూర్తిగా చర్య జరిపితే అమ్మోనియా ఎంత? నైట్రోజన్ ఒక మోల్ కాబట్టి రెండు మోల్స్ అమ్మోనియా, 34 గ్రాములు అని పెట్టేస్తారు. మనం వేసిందే మొత్తం 31 గ్రాములు కదా, 34 ఎలా వస్తుంది? హైడ్రోజన్ ఉన్నది ఒకటిన్నర మోల్. ముందు అయిపోయేది అదే. వచ్చేది 17 గ్రాములు, మిగిలే నైట్రోజన్ 14. కలిపితే మళ్లీ 31. ఈ కూడిక పట్టేది ఐదు సెకన్లు.

తప్పుల కోసం ఒక నోట్‌బుక్ పెట్టండి. లెక్కంతా ఎక్కించక్కర్లేదు. ఏ ఆప్షన్ పెట్టారు, అది ఏ ప్రశ్నకు జవాబు, ఒక్క లైన్ చాలు. ‘సిల్లీ మిస్టేక్’ అని మాత్రం రాయొద్దు. కోడ్‌లో ఎర్రర్ వస్తే ఏ లైన్లోనో వెతుకుతాం గానీ ‘సిల్లీ’ అని మూసేయం. నాలుగైదు రోజులాగి అదే లెక్కని ఖాళీ కాగితం మీద మళ్లీ చేయండి. కీ అందనంత దూరంలో ఉండాలి.

‘సిలబస్సే అవ్వలేదు, ఒక్కో బిట్‌కి ఇంతసేపా?’ అంటారు. అన్నింటికీ కాదు. ధీమాగా, టకటకా వచ్చినవి వదిలేయండి. ఇనార్గానిక్‌లో తప్పయితే టెక్స్ట్‌బుక్‌లో ఆ పేజీ మళ్లీ చదవడమే, వేరే దారి లేదు. గడియారం పెట్టుకుని చేసే ప్రాక్టీస్ వేరు, దీన్ని దాంతో కలపొద్దు. ఈఏపీసెట్‌లో ప్రశ్నకు సగటున 67 సెకన్లే, జేఈఈ మెయిన్‌లో 2 నిమిషాల 24 సెకన్లు. ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కుల్లేవు కాబట్టి 34 లాంటివి కొట్టేసి, మిగిలిన వాటిలో ఒకటి పెట్టేయొచ్చు. మెయిన్‌లో తప్పుకు ఒక మార్కు పోతుంది. పైగా అక్కడ సబ్జెక్టుకి ఐదు న్యూమరికల్ ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు. బీటెక్ తర్వాత గేట్ రాసేవాళ్లకూ అలాంటివి తగులుతాయి. అక్కడ తప్పును పట్టించేది మీరు అలవాటు చేసుకున్న ఆ ఐదు సెకన్ల కూడికే.

పోయిన వారం రాసిన గ్రాండ్ టెస్ట్ పేపర్ ఇంకా ఉందా? అందులో తప్పయిన ఫిజిక్స్ బిట్లు ఒక పది ఏరండి, ఇవాళ్టికి కొత్త బిట్లు పక్కన పెట్టండి.