పాత గిన్నెలు, పాత సామానులు

ఇంటిలో ఎన్ని పాత్రలున్నవని యజమానుని అడిగినచో చెప్పలేడు. ఇల్లాలిని అడిగినచో ఏ పాత్ర ఎవరి పెండ్లికి ఏ యూరినుండి వచ్చినదో సహితము చెప్పును. నేను తెలుగు పండితుడనై ముప్పది యేండ్లకు పైగా బాలురకు శబ్దముల వ్యుత్పత్తులు బోధించితినే కాని, మా యటకమీది గిన్నెల పుట్టుపూర్వోత్తరములు విచారింపవలెనను బుద్ధి అరువదవ యేటగాని కలుగలేదు. ఉద్యోగము మానిన పిదప పాత పాత్రలను, పాత గృహోపకరణములను కూర్చుట నాకు వ్యసనమైనది. ఈ పనిలో తెలిసికొన్న సంగతులు కొన్ని, చేసిన తప్పిదమొకటి నేడు మనవి చేసెదను.

1970వ సంవత్సర ప్రాంతమున నేను బాలుడను. అశ్వారావుపేట వీథులలోనికి స్టీలు సామాను గంపలు వచ్చుచుండెడివి. పాత ఇత్తడి తూచి యిచ్చినచో క్రొత్త స్టీలు గిన్నెలిచ్చెడివారు. మా యమ్మ తన పుట్టింటి కంచుగిన్నెను, రెండు తపేలాలను ఇచ్చి మూడు స్టీలు గిన్నెలను, ఒక టిఫిను డబ్బాను తీసికొనెను. ఆ దినమున ఆమె సంతోషము ఇప్పటికిని నాకు గుర్తున్నది. ఆమెను తప్పుపట్టువాడు ఒక్క వారము తానే చింతపండు, బూడిద పెట్టి ఇత్తడి తోమి చూడవలెను. కళాయి తరిగిన తపేలాలో పులుసు కాచినచో కిలుము దిగును. కళాయివాడు ఊరిలోనికి వచ్చుదాక వేచియుండవలెను. స్టీలు ఆ బాధను తప్పించినది. కాని అట్లు తూకమునకు పోయిన పాత్రలలో అధికభాగము కొలిమిలో కరగిపోయినది. సేకరణము చేయువానికి మిగిలినది ఆ శేషమే.

ఇది మన దేశమునకే పరిమితమైన విషయము కాదు. స్వీడను దేశమున గ్రెగర్ పౌల్సన్ అను విద్వాంసుడు నిత్యము వాడెడి వస్తువులే మరింత అందముగా నుండవలెనని 1919లో ఒక పుస్తకము వ్రాసెను. ఆ తలంపు ఉత్తర ఐరోపా దేశములలో వ్రేళ్లూనినది. నార్వేలో హాల్డెన్ పట్టణమునందలి కాథరీన్‌హోల్మ్ అను కర్మాగారము ఉక్కుమీద రంగుల పింగాణీ పూత పూసిన గిన్నెలను చేసి 1960 దశకమున విరివిగా అమ్మినది. రూపములను కల్పించినది గ్రేటె ప్రిట్స్ కిట్టెల్‌సెన్ అను స్త్రీ. వానిమీద ఆకుల వరుసను దించినవాడు ఆర్నె క్లౌసెన్. ఆ యాకుల వరుసకు తామర యను పేరు వచ్చినది. కర్మాగారము మూతపడి దశాబ్దములైనను, నాడు వంటింటిలో కూరగాయలు వేసికొన్న ఆ గిన్నెలకొరకు నేడు దేశదేశముల సేకర్తలు పోటీపడుచున్నారు. నీలపు అంచు పింగాణీ పళ్ళెములలో మనమును అన్నము తిన్నవారమే. పూత పెచ్చు లేచినంతనే పెరటిలో కోళ్లకు నూకలు పోసితిమి.

మన చెంబును గూర్చి అన్యులు మెచ్చుకొనిన తరువాతగాని మనకు తోచలేదు. భారత ప్రభుత్వము పిలువగా వచ్చిన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను అమెరికా దంపతులు 1958లో ఒక నివేదిక సమర్పించిరి. తాము చూచిన వస్తువులన్నిటిలో చెంబునే మిక్కిలి గొప్పదానినిగా ఎన్నిరి. చేతిపట్టు, నెత్తిమీద నిలుకడ, నీరు వంపునప్పటి ఒరవడి, లోపల తోముటకు వీలు, ఇవన్నియు ఆలోచించి, ఆ రూపమును ఏ యొక్కడును కల్పించినది కాదనియు, తరతరముల చేతులలో అది తీరినదనియు నిర్ణయించిరి. ఆ నివేదిక ఫలముగనే 1961లో అహమ్మదాబాదున జాతీయ రూపకల్పనా సంస్థ ఏర్పడినది. నాకు మరియొక సంగతి తోచినది. మా ప్రాంతమున కోయవారు అడవికి పోవునపుడు నీటికై తీసికొనిపోవు ఎండిన ఆనపబుర్రను చూడుడు. సన్నని మెడ, నిండైన కడుపు. మరచెంబు దాని ప్రక్కన పెట్టినచో అక్కచెల్లెండ్రవలె నుండును.

ఇక పరీక్ష. ఇత్తడి యనునది రాగియు తుత్తునాగమును కలిసినది. కంచు రాగియు తగరమును కలిసినది. మంచి కంచులో నూటికి 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరము సుమారుగా నుండును. అది చల్లగానున్నపుడు కొట్టిన పగులును. ఎఱ్ఱగా కాల్చి, చల్లారులోపల కొట్టి, మరల కాల్చి పని తీర్చవలెను. అందుచేతనే కంచుగిన్నె వెల యెక్కువ, జారిపడినచో బ్రదుకు తక్కువ. వేలిగోటితో అంచును మీటినచో కంచు చాలసేపు మ్రోగును. ఇత్తడి ముక్తసరిగా పలికి ఊరకుండును. కనబడని పగులున్న కంచు బొంగురుపోవును. వేమన పుణ్యమున ఈ మ్రోత మనకందరకును ఎఱుకయే.

పని జరిగిన విధము కూడ వస్తువుమీదనే వ్రాసియుండును. పాత బిందెను రెండు మూడు ముక్కలుగా కొట్టి, అంచులను రంపపు పండ్లవలె కత్తిరించి, ఒకదానిలో నొకటి ఇమిడ్చి అతికెడివారు. కడుపు చుట్టును ఆ పండ్లవరుస సన్నగా కనబడును. యంత్రముమీద త్రిప్పిన క్రొత్త బిందెకు ఆ యతుకుండదు. వలయములుగా సన్నని గీతలుండును. క్రొత్తదానిని పులుపులోను, మట్టిలోను ఊరవేసి పాతదని అమ్మువారును గలరు. అట్టి దానికి నలుపు అంతటను ఒక్కటే తీరుగా పట్టును. నిజముగా వాడిన పాత్ర చేయి పడినచోట నునుపుగాను, చేయి పడనిచోట నల్లగాను, అడుగున ఒకవైపే అరిగియు నుండును. పెంబర్తివారి రేకుపనిని, ఆదిలాబాదు ఓజవారి మైనపుపోత బొమ్మలను, గోదావరి ప్రాంతమున అజ్జరము ఇత్తడిపనిని కొన్నాళ్లు చేతులలో త్రిప్పి చూచినచో ఈ వివేకము దానంతట వచ్చును. పుస్తకమువలన రాదు.

ఇప్పుడు నా తప్పిదము. తొలినాళ్లలో ఒక చిన్న గంధపుగిన్నెను కొంటిని. దాని యంచున చుక్కలతో పొడిచిన అక్షరములు మసకగా కనబడుచుండెను. స్పష్టముగా చదువవలెనను ఆత్రమున అంగడిలో దొరకు ఆమ్లము పోసి, ఇటుకపొడితో గట్టిగా రుద్దితిని. గిన్నె బంగారమువలె మెరిసినది. అక్షరములలో రెండు మాత్రము మిగిలినవి. తాళపత్రములను జాగ్రత్తగా విప్పవలెనని బాలురకు చెప్పినవాడను ఈ పని చేసితిని. అది మొదలు కుంకుడు నీటితో మెల్లగా కడిగి, మెత్తని బట్టతో తడి లేకుండ ఒత్తుట తప్ప మరేమియు చేయను. లేత పచ్చని పొడి రాలుచున్న పాత్రను మాత్రము తక్కినవానికి దూరముగా, పొడిచోట ఉంచవలెను; ఆ రోగము లోహమును లోపలినుండి తినును.

ఆ చుక్కల అక్షరములే నా దృష్టిలో పాత్రకు ప్రాణము. పెండ్లికూతురి పేరు, ఇంటిపేరు, ఊరు, ఒక్కొక్కచో సంవత్సరము పేరు కూడ నుండును. అరసున్నలు, బండిరాలు వ్యాకరణముతో నిమిత్తము లేక విహరించుచుండును. పండితునకు అది నవ్వు పుట్టించు మాట నిజమే. కాని ఆ యింటి స్త్రీకి ఆస్తిపత్రము అదియొక్కటియే. అందుచేత కొన్న ప్రతి వస్తువునకును ఒక పుస్తకమున పుట కేటాయించి, ఎవరి యొద్ద కొంటినో, ఎందులకు వాడిరో, ఎందుకు అమ్మిరో వ్రాసికొనుచున్నాను. చట్టమును తెలిసికొనవలసినదే: 1972 నాటి చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన పురావస్తువును మనవంటివారు విదేశములకు పంపరాదు. భూమిలో దొరికినది కలెక్టరునకు తెలుపవలెను. దేవాలయపు సొత్తని అనుమానమున్నదానిని ముట్టకుండుటే మేలు.

మా మండలమునకు ఆనుకొని కుకునూరు, వేలేరుపాడు మండలములున్నవి. 2014లో అవి ఆంధ్రప్రదేశములో చేరినవి. పోలవరము ముంపులో వానికి భాగమున్నది. 2022 జూలైలో గోదావరి భద్రాచలమువద్ద 71.3 అడుగులకు వచ్చినది. 1986 తరువాత అంతటి నీరు రాలేదు. ఆ వరద తీసిన కొన్నాళ్లకు ఒక పాత ఇనుప సామానుల కొట్టులో భోషాణపు తలుపులు, ఉయ్యాలబల్ల గొలుసులు, గుండిగలు గుట్టగా పడియుండుట చూచితిని. వానిలో ఒక గంగాళము. బురద కడుగగా అంచున ఒక స్త్రీ పేరును, ముంపు గ్రామము పేరును కనబడినవి. తూకపు ధరకే కొంటిని.

ఆమెను వెదకుటకు నాలుగు మాసములు పట్టినది. పునరావాసపు కాలనీలో, రెండు గదుల యింటిలో కొడుకు నొద్ద నుండెను. గంగాళము మీదియే, తెచ్చి యిచ్చెదనంటిని. ఆమె నవ్వి, "ఈ ఇంట్లో గంగాళం ఎక్కడ పెట్టేది పంతులుగారూ? నీళ్ళు కుళాయిలో వస్తన్నాయి. మీ దగ్గరే ఉంచుకోండి. ఉగ్గుగిన్నె ఒకటుండాలి, అది దొరికితే మాత్రం నాకియ్యండి. నా పిల్లలంతా దాంట్లోనే తాగారు" అనెను.

అది కంచుది, అరచేతిలో ఇముడును. పాలు వంపుటకు పొడవైన ముక్కున్నది. ముక్కు మొదట చిన్న సొట్ట. అడుగున చుక్కలతో పొడిచిన చేపబొమ్మ యున్నదట. అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెము, భద్రాచలము ప్రాంతములలోని సామానుల కొట్లలో ఇప్పటికిని విచారించుచునే యున్నాను. శ్రోతలలో ఎవరి కంటనైన పడినచో దానిని తోమకుడు. ఉన్నదున్నట్లు ప్రక్కన పెట్టి రేడియో కేంద్రమునకు ఒక కార్డు వ్రాయుడు.