హెడ్‌లెస్ విధానం - పాత పత్రికా ప్రకటనల భద్రత

సమాచారాన్ని ఒకేచోట భద్రపరచి, వెబ్‌సైటుకు, మొబైల్ యాప్‌కు, కూడళ్లలోని తెరలకు ఆయా రూపాలలో అందించేదే హెడ్‌లెస్ కంటెంట్ నిర్వహణ వ్యవస్థ. దిల్‌సుఖ్‌నగర్ - ఎల్.బి.నగర్ రహదారిపై ట్రాఫిక్ మళ్లింపు ప్రకటనను ఒకసారి నమోదు చేస్తే అన్నిచోట్లా కనిపిస్తుంది. దానిని క్లౌడ్ సేవగా తీసుకుంటే సర్వర్ల నిర్వహణ భారం కార్యాలయంపై ఉండదు.

అయితే పాత ప్రకటనల విషయంలో ఈ సౌలభ్యమే చిక్కు తెచ్చిపెట్టగలదు. ఎల్.బి.నగర్ పురపాలక సంఘం 2007 ఏప్రిల్ 16న ఏర్పడిన గ్రేటర్ హైదరాబాద్ నగర పాలక సంస్థలో విలీనమయింది. 2014లో రాష్ట్రం, 2016లో జిల్లాల సరిహద్దులు మారాయి. కార్యాలయం పేరును ఒక నమోదుగా ఉంచి ప్రకటనలన్నింటినీ దానికే ముడిపెడితే, ఆ పేరు మార్చిన క్షణమే 2006 నాటి ప్రకటనలోనూ కొత్త పేరు వచ్చి చేరుతుంది. విలేకరికి అది తప్పుడు సాక్ష్యమే. కనుక విడుదలైన పాఠాన్ని, తేదీని, లింకును మార్పునకు వీలులేకుండా స్థిరపరచడం తప్పనిసరి.

యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లలోని తెలుగు పాఠాన్ని మార్చేటప్పుడు ఒత్తులు చెదిరే అవకాశమున్నది. యంత్రంపైనే ఆధారపడక సిబ్బంది సరిచూడాలి. సేవాసంస్థ మారినపుడు మొత్తం సమాచారాన్ని వెనక్కు పొందే హక్కును ఒప్పందంలో ముందుగానే చేర్చుకోవలసి ఉంటుంది.