లైట్‌మ్యాన్‌కి పని ఇచ్చిన చిన్నాన్న తోట

నేను ఫిల్మ్‌నగర్‌లో లైట్‌మ్యాన్‌ని. మాది రోజు కూలి, షూటింగ్ ఉంటేనే డబ్బులు. 2020 మార్చిలో షూటింగులన్నీ ఆగిపోయాయి. చిరంజీవి గారి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ ఛారిటీ పెట్టి సినీ కార్మికులకు సరుకులు ఇచ్చారు. తిండికి దిగుల్లేదు గానీ ఇంటద్దె ఎలా కట్టాలి?

అప్పుడే వికారాబాద్ దగ్గర మా ఊరి నుంచి చిన్నాన్న ఫోన్ చేశాడు. "టమాట తోటలోనే పండిపోతోందిరా. నాకు కొనేవాళ్లు లేరు, నీకు పని లేదు. ఏదన్నా చూడు" అన్నాడు.

సడలింపులు వచ్చాక బస్తీ అంతా నాకు తోడైంది. జూబ్లీహిల్స్ ఇళ్లల్లో పనిచేసే అక్కలు, వాచ్‌మెన్ అన్నలు వాళ్ల ఓనర్లకు చెప్పి ఆర్డర్లు పట్టారు. మా యూనిట్ డ్రైవర్ డీజిల్ ఖర్చుకే వ్యాన్ తిప్పాడు.

పద్ధతి ఒక్కటే: ముందు ఆర్డర్, తర్వాతే కోత. శుక్రవారం లెక్క తీసుకుంటాం, శనివారం కోస్తాం, ఆదివారం పొద్దున్నే ఇంటికి చేరుస్తాం. సరుకు మిగలదు.

"మందు కొట్టలేదని నమ్మకమేంటి?" అని అందరూ అడిగారు. చిన్నాన్న జీవామృతం కలుపుతుంటే వీడియో తీసి పంపాను. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల నాటు ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, బెల్లం, పప్పుల పిండి రెండేసి కిలోలు, గుప్పెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు. అది చూశాకే ఆర్డర్లు పెరిగాయి.

షూటింగులు మళ్లీ మొదలైనా ఆదివారం బండి ఆపలేదు. పట్నంలో పని లేక కూర్చున్న మీ ఊరి పిల్లల్ని అడిగి చూడండి. మీ పంటకు కొనేవాళ్లు దొరుకుతారు, వాళ్లకు పని దొరుకుతుంది.