కారులో వైర్‌లెస్ సెట్టు: అపోహలు, వాస్తవాలు

ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకే చేతి వాకీటాకీలు కనబడటం మొదలయ్యాక, పోలీసు జీపులో ఉన్నట్టు తమ కారులోనూ ఒక సెట్టు బిగించుకోవాలన్న సరదా చాలామందికి పుట్టింది. నాలుగైదు బళ్లతో లడఖ్ బయల్దేరే మిత్రబృందాలు, అరకు ఘాట్‌లో ఫోన్ సిగ్నల్ అందక విసిగినవాళ్లు, చిన్నప్పటి నుంచీ రేడియో అంటే ప్రాణం పెట్టేవాళ్లు, అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ సెట్టు కొనమంటారు, ఎన్ని వాట్లది?" నిజానికి సెట్టు ఆఖరున చూసుకోవలసిన వస్తువు. ముందు లైసెన్సు, తర్వాత యాంటెన్నా, ఆ తర్వాత బ్యాటరీ నుంచి వచ్చే వైరు. వీటిని వదిలేసి పెట్టెను పట్టుకోవడం వల్లే కింది అపోహల్లో చాలావరకు పుట్టాయి.

"అమ్ముతున్నారంటే వాడుకోవచ్చనే కదా!"

మన దేశంలో గాలిలోకి రేడియో తరంగం పంపే ప్రతి పరికరానికీ కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం అనుమతి కావాలి. మామూలు జనానికి పనికొచ్చే మినహాయింపులు చాలా తక్కువ. 2005లో 26.957–27.283 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండును 5 వాట్ల లోపు పరికరాలకు లైసెన్సు నుంచి మినహాయించారు. ఆ తర్వాత 446.0–446.2 మెగాహెర్ట్జ్‌లో తక్కువ పవర్ వాకీటాకీలకు అనుమతి వచ్చింది. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. సిటిజన్ బ్యాండు మినహాయింపు సెట్టులోనే అమర్చిన యాంటెన్నాకు మాత్రమే. అమెరికా సినిమాల్లో లారీ డ్రైవర్లు పెట్టుకున్నట్టు టాపు మీద పొడుగాటి కమ్మీ నిలబెడితే ఆ మినహాయింపు చెల్లదు. అలాగే 446లో మాత్రమే పనిచేసే సెట్టు వేరు, 446 కూడా పట్టే సెట్టు వేరు. 136 నుంచి 174 దాకా, 400 నుంచి 520 దాకా ఎక్కడ తిప్పితే అక్కడ మాట్లాడే చైనా హ్యాండీని 446 మీద పెట్టినంత మాత్రాన అది లైసెన్సు అక్కర్లేని వస్తువైపోదు.

అమ్మకాల సంగతికొస్తే, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025లో ఈ-కామర్స్ కంపెనీలకు నోటీసులిచ్చి, వాకీటాకీల అమ్మకానికి ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చింది. సెట్టు ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, దానికి ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉందో లేదో చూడకుండా అమ్మకూడదన్నది వాటి సారాంశం.

కారులో మంచి సెట్టు, టాపు మీద యాంటెన్నా కావాలంటే సరైన దారి అమెచ్యూర్ రేడియో, అంటే హ్యామ్ లైసెన్సు. పన్నెండేళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు. హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ, ఎన్‌ఐఏఆర్, 1983 నుంచీ ఉంది. లైసెన్సుతో వచ్చే కాల్‌సైన్ వీయూ2తోనో వీయూ3తోనో మొదలవుతుంది. కారు సెట్లకు ఎక్కువగా వాడే బ్యాండ్లు 144–146, 434–438 మెగాహెర్ట్జ్. ఇంటి చిరునామా మీద తీసుకున్న లైసెన్సు బండికీ వర్తిస్తుందని ఊహించుకోకుండా, మొబైల్ స్టేషన్ సంగతి ముందే అడిగి తేల్చుకోవడం మంచిది.

"హ్యామ్ లైసెన్సు ఉంటే వ్యాపారానికీ పనికొస్తుంది"

పనికిరాదు. ట్రావెల్స్ వాళ్లు బళ్లను నడిపించుకోవడానికో, పెళ్లిళ్ల కాంట్రాక్టరు మనుషులను పురమాయించుకోవడానికో హ్యామ్ బ్యాండు వాడకూడదు. అందుకు వేరే లైసెన్సు ఉంది, ఖర్చూ వేరు.

"స్కానర్ వినడానికే కదా, ఎవరికి అభ్యంతరం?"

స్కానర్ అంటే ఇతరుల సెట్ల మాటలను వెతికి పట్టి వినిపించే రిసీవరు. కాస్త వయసు మళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: 1980ల దాకా ఇంట్లో మామూలు రేడియోకు కూడా లైసెన్సు ఉండేది, ఏటా పోస్టాఫీసుకు వెళ్లి డబ్బు కట్టేవాళ్లం. వినడం స్వేచ్ఛ, మాట్లాడటానికే అనుమతి అన్న విభజన మన చట్టంలో ఎన్నడూ లేదు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం పరికరం దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు అడిగింది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం ఇతరుల సందేశాన్ని అక్రమంగా మధ్యలో అందుకుంటే మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పోలీసు సెట్లలో మాటలు వినాలన్న కుతూహలానికి ఇది చాలా ఖరీదైన టికెట్.

స్కానర్ సరదా అసలు పుట్టినిల్లు అమెరికా. అక్కడున్న మనవాళ్లు దేశమంతటా ఒకటే రూలనుకుంటారు, అదీ పొరపాటే. స్కానర్ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధించలేదు. 1934 కమ్యూనికేషన్స్ చట్టం అడ్డుకునేది విన్నదాన్ని ఇతరులకు చేరవేయడాన్ని, దాంతో లాభం పొందడాన్ని. బండి దగ్గరకొచ్చేసరికి ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు. న్యూయార్క్‌లో పోలీసు ఫ్రీక్వెన్సీలు పట్టే రిసీవరును అనుమతి లేకుండా కారులో బిగించడం నేరం, హ్యామ్ లైసెన్సుదారులకు మాత్రం మినహాయింపు ఉంది. ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీ రాష్ట్రాలకూ ఇలాంటి ఆంక్షలే ఉన్నాయి. పైగా పెద్ద నగరాల పోలీసులు ఒక్కొక్కరే సంభాషణలను ఎన్‌క్రిప్ట్ చేసేస్తున్నారు. న్యూయార్క్ పోలీసులు 2023లో మొదలుపెట్టారు. ఎంత ఖరీదైన స్కానర్ అయినా ఆ మాటలను విప్పలేదు. కుటుంబాలు రెండు మూడు కార్లలో విహారానికి వెళ్లేటప్పుడు మాట్లాడుకోవడమే కావాలంటే అక్కడ జీఎంఆర్‌ఎస్ ఉంది: పరీక్ష లేదు, 35 డాలర్లు కడితే పదేళ్లపాటు ఇంటిల్లిపాదికీ ఒకే లైసెన్సు.

"వాట్లు పెరిగితే దూరం పెరుగుతుంది"

అట్టపెట్టె మీద 'యాభై కిలోమీటర్లు' అని రాసుంటే నమ్మి కొనేవాళ్లు ఇంకా ఉన్నారు. 144, 434, 446 మెగాహెర్ట్జ్ లాంటి బ్యాండ్లలో తరంగం దాదాపు చూపు మేరే పోతుంది, భూమి వంపు దాటదు. లెక్క కూడా సులువే: రెండు యాంటెన్నాల ఎత్తులు మీటర్లలో తీసుకుని, వాటి వర్గమూలాలు కలిపి, 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. కారు టాపు మీది యాంటెన్నా నేలకు రెండు మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. రెండు కార్ల మధ్య చదునైన నేల మీద పన్నెండు కిలోమీటర్లకు మించి రాదు. అదే అవతలి కొస వంద మీటర్ల ఎత్తున్న గుట్ట మీది రిపీటర్ (మాటను అందుకుని తిరిగి పంపే స్టేషను) అయితే నలభై ఏడు వరకు వెళ్తుంది. ఊళ్లో మేడల నడుమ, ఘాట్ మలుపుల్లో ఇవన్నీ తగ్గిపోతాయి. ఈ లెక్కలో వాట్ల ఊసే లేదని గమనించండి. 5 వాట్లను 50 చేస్తే అందుతున్న మాట స్పష్టమవుతుంది, చెట్ల చాటున తెగిపోయే మాట నిలబడుతుంది. కొండ అవతలికి మాత్రం పోదు.

అందుకే కారు లోపల పట్టుకుని మాట్లాడే హ్యాండీ కంటే, అదే హ్యాండీకి టాపు మధ్యలో నిలబెట్టిన యాంటెన్నా తగిలిస్తే వచ్చే తేడా పెద్దది. లోపల ఉంటే చుట్టూ ఉన్న రేకు అడ్డం. బయట పెడితే అదే రేకు యాంటెన్నాకు కింది సగంలా పనిచేస్తుంది. 145 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం కమ్మీ సుమారు యాభై సెంటీమీటర్లు, అంతకన్నా పొడుగు అక్కర్లేదు. అయస్కాంతంతో అతుక్కునే మౌంటు చాలు, టాపుకు బెజ్జం కొట్టనవసరం లేదు. కాకపోతే అద్దాల సన్‌రూఫ్ ఉన్న బండిలో అయస్కాంతానికి చోటుందో లేదో ముందే చూసుకోవాలి. యాంటెన్నా తగిలించకుండా ట్రాన్స్‌మిట్ బటన్ నొక్కితే సెట్టు లోపలి పవర్ ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.

"సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెడితే సరి"

హ్యాండీ ఛార్జింగుకు సరి. 50 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు పది పన్నెండు ఆంపియర్లు లాగుతుంది. ఆ సాకెట్ ఫ్యూజు సాధారణంగా 10 నుంచి 15 ఆంపియర్లు, దాని వెనకాల వైరు సన్నం. మాట మధ్యలో వోల్టేజి పడిపోయి అవతలివాళ్లకు గొంతు బొంగురుగా వినిపిస్తుంది, లేదా ఫ్యూజు కొట్టేస్తుంది, లేదా ప్లగ్గు మాడుతుంది. ఎల్‌ఈడీ దీపాలు బిగించినంత తేలిగ్గా హారన్ వైరును గీకి, మన వైరు చుట్టి, టేపు వేయడం కార్ డెకార్ షాపుల్లో మామూలే. దాన్ని సెట్టు దగ్గరకు రానివ్వకండి.

లావుపాటి వైరును నేరుగా బ్యాటరీ నుంచి లాగాలి. ఫ్యూజు ఉండాల్సింది సెట్టు దగ్గర కాదు, బ్యాటరీకి జానెడు దూరంలోనే. ఎందుకంటే ఫ్యూజు కాపాడేది తన తర్వాతి వైరునే. ఇంజన్ గదికీ క్యాబిన్‌కూ మధ్య రేకులోంచి వైరు దూర్చేటప్పుడు కంపెనీ ఇచ్చిన రబ్బరు బుష్ గుండానే తేవాలి. లేకపోతే రేకు అంచు కొన్నాళ్లకు వైరు తొడుగును కోస్తుంది. అప్పుడు ఫ్యూజు అవతలి కొసన ఉంటే మంట ఆపేది ఏదీ ఉండదు. నల్ల వైరు విషయంలో పాత పుస్తకాల సలహా నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కే కలపమని. ఇప్పటి చాలా బళ్లలో, ముఖ్యంగా సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తనే ఆగే రకాల్లో, ఆ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది. మన వైరు దాన్ని తప్పించుకుపోతే బ్యాటరీ లెక్కలు తప్పుతాయి. కాబట్టి బ్యాటరీ ఎర్త్ కేబుల్ బాడీకి కలిసేచోట బిగించాలి.

రాత్రి సెట్టు ఆపడం మరిచిపోతే తెల్లారేసరికి బండి సెల్ఫ్ తీసుకోదన్న భయం కూడా అతిశయోక్తే. మాట్లాడకుండా ఊరికే వింటున్న సెట్టు సుమారు అర ఆంపియరు తాగుతుంది. పది గంటలకు ఐదు ఆంపియర్-అవర్లు. చిన్న కారు బ్యాటరీ 35. ఒక రాత్రికి భయం లేదు. శుక్రవారం వదిలేసి సోమవారం వస్తే తోయడానికి మనుషులను పిలవాల్సిందే.

సెట్టును డాష్‌బోర్డు మీద, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే మూత మీద బిగించకండి. ముందు అద్దం పక్క స్తంభం లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే కేబుల్ దాని ముందు నుంచి పోకూడదు. బండి మాన్యువల్‌లో ట్రాన్స్‌మిటర్ అమరిక గురించి ఒక పేజీ ఉంటే, వారంటీ గొడవ రాకుండా ఉండాలంటే ఆ పేజీయే ఆధారం.

"ఫోన్‌కే నిషేధం, మైకుకు లేదు"

2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ఫోన్ అనలేదు, చేతిలో పట్టుకునే సమాచార పరికరం అంది. హ్యాండీ కచ్చితంగా అదే. బిగించిన సెట్టు మైకు దాని కిందికి వస్తుందా రాదా అని రోడ్డు మీద ఎస్సైగారితో వాదించడం కంటే, బండి పక్కకు ఆపి మాట్లాడటం సుఖం. మొదటిసారి పట్టుబడితే జరిమానా వెయ్యి నుంచి ఐదు వేలు, జైలు శిక్షకూ వీలుంది.

"ఆపదలో లైసెన్సు ఎవరు అడుగుతారు?"

ఈ మాటకు అందరూ సునామీని ఉదాహరణగా చూపుతారు. 2004 డిసెంబరు 26న అండమాన్ దీవులకు సమాచార సంబంధాలు తెగిపోతే, మాటలు మోసింది హ్యాములే. కానీ భారతి ప్రసాద్ నాయకత్వంలోని ఆ బృందం అప్పటికే అనుమతులు తీసుకుని, సెట్లూ యాంటెన్నాలూ బిగించుకుని పోర్ట్‌బ్లెయిర్‌లో ప్రపంచంతో మాట్లాడుతోంది. ఆ ఉదయం వాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది. డిక్కీలో ప్యాకింగు విప్పని హ్యాండీతో ఘాట్‌లో చిక్కుకున్నవాడికి దగ్గరి రిపీటర్ ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో, దాన్ని తెరవడానికి ఏ టోన్ పెట్టాలో తెలియదు. అతను ముందు చేయాల్సింది సిగ్నల్ దొరికే మలుపు దాకా నడిచి 112కు ఫోన్ చేయడం.