మూడు గంటల నీడకు ఏడేళ్ల సన్నాహం

సౌర కుటుంబం వెలుపలి గ్రహం తన నక్షత్రానికి, భూమికి నడుమగా సాగిపోయే వేళ ఆ నక్షత్రపు వెలుగు స్వల్పంగా తగ్గుతుంది. దీనినే సంక్రమణం అంటారు. ఆ కొద్ది గంటలలో నక్షత్ర కాంతిలో కొంత భాగం గ్రహపు వాయుమండలం గుండా వడగట్టబడి వస్తుంది. ఏ వాయువు ఏ తరంగదైర్ఘ్యాన్ని మింగివేసిందో వర్ణపటంలో చదివి, అక్కడి వాతావరణ కూర్పును నిర్ణయిస్తారు.

2021 డిసెంబర్ 25న ప్రయోగించిన జేమ్స్ వెబ్ అంతరిక్ష దూరదర్శినికి ఇది ముఖ్య కర్తవ్యాలలో ఒకటి. అయితే దాని సమయం కోసం పోటీ తీవ్రం. పైగా సూర్యుని దిశకు 85 నుంచి 135 డిగ్రీల మధ్య ఉన్న ఆకాశాన్ని మాత్రమే అది చూడగలదు. సూర్యుని వార్షిక మార్గానికి సమీపంలోని నక్షత్రాలు ఏడాదికి రెండుసార్లు, ఒక్కో మారు సుమారు 50 రోజులు మాత్రమే దానికి చిక్కుతాయి. 33 రోజులకు ఒకసారి తిరిగే కె2-18బి వంటి గ్రహం విషయంలో ఒక్క సంక్రమణం చేజారినా నష్టం పెద్దదే.

అందువల్ల శాస్త్రవేత్తలు విడివిడిగా పోటీ పడక ముందే కలసి కూర్చున్నారు. 2015 నవంబర్‌లో బాల్టిమోర్‌లోని అంతరిక్ష దూరదర్శిని విజ్ఞాన సంస్థలో సమావేశమై, తొలి పరిశీలనలకు తగిన గ్రహాలను చర్చించారు. నటాలీ బటాల్హా, జేకబ్ బీన్, కెవిన్ స్టీవెన్సన్ నాయకత్వాన రూపొందిన కార్యక్రమానికి తొలి విడతలోనే అవకాశం లభించింది. షరతు ఒక్కటే: సేకరించిన దత్తాంశం వెంటనే అందరికీ అందుబాటులో ఉండాలి. సాధారణంగా పరిశీలకులకు కొంత కాలం దక్కే ప్రత్యేక హక్కును వారు ఇక్కడ వదులుకొన్నారు.

మొదట ఎంచుకొన్నది వాస్ప్-79బి. ప్రయోగం వాయిదా పడటంతో లెక్కలు తారుమారై, సుమారు 700 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న వాస్ప్-39బి ఆ స్థానంలోకి వచ్చింది. శని గ్రహమంత ద్రవ్యరాశి, 900 డిగ్రీల సెల్సియస్ వేడిమి గల ఈ గ్రహం నాలుగు రోజులకొకసారి నక్షత్రాన్ని చుట్టివస్తుంది. ప్రతి సంక్రమణం మూడు గంటలకు కాస్త తక్కువ. 2022 జులైలో దీనిని నాలుగు వేర్వేరు పరికర విధానాలతో పరిశీలించారు. ఒక పరికరపు దోషాన్ని మరొకటి పట్టిస్తుందన్నది ఉద్దేశం. ఫలితంగా బొగ్గుపులుసు వాయువు స్పష్టంగా బయటపడింది. గంధక డయాక్సైడ్ కూడా కనిపించింది. నక్షత్ర కాంతి వల్ల జరిగే రసాయన చర్యలకు మరో గ్రహంపై దొరికిన తొలి ఆధారమిది.

సమయపట్టిక తయారీలో భూమిపై ఉన్న చిన్న దూరదర్శినులకూ పాత్ర ఉంది. పరిభ్రమణ కాలంలో ఐదు సెకండ్ల పొరపాటు ఉందనుకొంటే, ఏడాదికి 90 చుట్లు తిరిగే వాస్ప్-39బి విషయంలో పదేళ్లకు అది 75 నిమిషాలవుతుంది. దీనిని సవరించేందుకే నాసా 'ఎక్సోప్లానెట్ వాచ్', ఐరోపా ఏరియల్ యాత్రకు అనుబంధమైన 'ఎక్సోక్లాక్' ఔత్సాహికుల కొలతలను స్వీకరిస్తున్నాయి. బస్తర్‌లోని తర్రెంలో అర్ధరాత్రి అయ్యేసరికి చిలీ వేధశాలలపై ఇంకా మధ్యాహ్నపు ఎండ ఉంటుంది. ఆ వేళ జరిగే సంక్రమణాలను కొలవవలసింది ఈ రేఖాంశాల వారే. వాస్ప్-39 ఉన్న కన్యారాశి వేసవి రాత్రులలో అక్కడ నడినెత్తికి చేరువగా వస్తుంది. నక్షత్రం మాత్రం కంటికి కనపడదు.

ఆకాశాన్ని పంచుకొని పనిచేయడం తెలుగు నేలకు కొత్త కాదు. 1887లో పారిస్‌లో ప్రారంభమైన అంతర్జాతీయ నక్షత్ర చిత్రణలో హైదరాబాద్ నిజామియా వేధశాలకు దక్షిణ 17 నుంచి 23 డిగ్రీల పట్టీ అప్పగించారు. టి.పి. భాస్కరన్ వంటి సంచాలకుల హయాంలో ఆ శ్రమ దశాబ్దాలు సాగింది. ఆనాటి పట్టికలు 2000లో వెలువడిన టైకో-2 నక్షత్ర సూచికలో నక్షత్రాల కదలికల గణనకు ఉపయోగపడ్డాయి.

ప్రస్తుత సమస్య చిన్న రాతి గ్రహాలది. ట్రాపిస్ట్-1 నక్షత్రపు మచ్చలే గ్రహ వాతావరణపు సంకేతాలను అనుకరిస్తున్నాయి. అందుకే వాతావరణం లేదని భావిస్తున్న బి గ్రహపు సంక్రమణం, ఇ గ్రహపు సంక్రమణం వెంటవెంటనే జరిగే తేదీలను ఎంచి, మొదటిదానితో రెండవదానిని సరిదిద్దుతున్నారు. ఇలాంటి గ్రహాల కోసం వెబ్ సంచాలకుని కోటా నుంచి 500 గంటలు కేటాయించారు. ఆ దత్తాంశం కూడా తొలి రోజు నుంచే బహిరంగం.